మా పీజీలో ఒక్క రాత్రి 11 మందికి వాంతులు: వంటిల్లు, సంపు, మరుగుదొడ్డి ఎవరి పూచీ?

విభాగం: బెంగళూరు తెలుగువాళ్లు › పీజీ, మెస్సు, అద్దె ఇళ్లు

బీటీఎం_అనంతపురం · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. బీటీఎం లేఔట్‌లో లేడీస్ పీజీలో రెండేళ్లుగా ఉంటున్నాను. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నిన్న రాత్రి జరిగింది చూశాక ఊరుకోలేకపోతున్నా.

ఆదివారం మధ్యాహ్నం అన్నం, పప్పు, చికెన్ కూర. రాత్రికి చిత్రాన్నం, పెరుగు. ఎనిమిదిన్నరకు అందరూ తిన్నారు. పదిన్నరకు నా రూమ్మేటుకు మొదలైంది. వాంతి మీద వాంతి. ఆమె బాత్రూమ్‌లో ఉండగానే పక్క గది అమ్మాయి బయటి నుంచి తలుపు కొడుతోంది. పన్నెండయ్యేసరికి లెక్కపెడితే 11 మంది. నేను ఆ పూట రెండు అరటిపళ్లు తిని పడుకున్నాను కాబట్టి నిలబడి చాకిరీ చేయగలిగాను. ఇద్దరిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది.

ఓఆర్ఎస్‌కి కాచిన నీళ్లు కావాలని రాత్రి రెండు గంటలకు కింద వంటింట్లోకి వెళ్లాను. రెండేళ్లలో అదే మొదటిసారి. లైటు వేయగానే సింకు చుట్టూ ఉన్న బొద్దింకలు గోడ పగుళ్లలోకి దూరాయి. మధ్యాహ్నం అన్నం మిగిలింది పెద్ద డేక్సాలో అట్లాగే ఉంది, పైన తడిగుడ్డ కప్పి. ఆ గుడ్డ ఎత్తితే పుల్లటి వాసన. గరిటె పెట్టి కదిపితే మెతుకులు జిగురుగా తీగ సాగాయి. సింకు కింద మోరీకి జాలీ లేదు. చేతులు కడుక్కోవడానికి సబ్బు కోసం వెతికితే గిన్నెలు తోమే పొడి తప్ప ఏమీ లేదు.

ఓనరు అంకుల్ పొద్దున వచ్చి "బయట పానీపూరీ తినుంటారమ్మా" అన్నారు. నేను 11 మందినీ ఒక్కొక్కరినీ అడిగాను. పానీపూరీ తిన్నది ఒక్కరే. చిత్రాన్నం తిన్నది పదకొండు మందీ. అది చెప్పేసరికి ఆయన కోపం వంటన్న మీదికి మళ్లింది, పని మాన్పిస్తానంటున్నారు. ఆ అన్న వారానికి ఒక్క పూట కూడా సెలవు లేకుండా 60 మందికి ఒక్కడే వండుతాడు. తప్పు ఆయన ఒక్కడిదేనా?

బుధవారం అంకుల్‌తో కూర్చుంటున్నాం. ఏం అడగాలి, ఎట్లా అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

ల్యాబ్_అక్క · సోమవారం, రాత్రి 11:58

ముందు ఆ ఇద్దరూ ఎలా ఉన్నారో చెప్పమ్మా. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఉండండి. మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పరీక్ష లేకుండా ఫలానా క్రిమి అని తేల్చి చెప్పలేం. కానీ తిన్న రెండు మూడు గంటల్లోనే, జ్వరం లేకుండా, వాంతులతో మొదలైందంటే మొదట అనుమానించేది రెండింటిని. ఒకటి బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి. బియ్యంలో దీని బీజాలు సహజంగానే ఉంటాయి, అన్నం ఉడికినా చావవు. అన్నం బయట గోరువెచ్చగా పడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, విషం వదులుతాయి. రెండోది స్టెఫిలోకాకస్. ఇది మనిషి చేతి మీది పుండు నుంచీ ముక్కు నుంచీ తిండిలోకి చేరుతుంది. రెండింటిలోనూ అసలు ప్రమాదం ఒక్కటే, ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. మధ్యాహ్నపు అన్నాన్ని రాత్రి పోపులో వేయిస్తే క్రిములు చస్తాయేమో కానీ విషం అట్లాగే ఉంటుంది.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు పెరుగుతాయి. బాగా అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మధ్యాహ్నం పన్నెండుకు ఒక్క క్రిమి ఉందనుకో. రాత్రి ఎనిమిదికి 24 సార్లు రెట్టింపు. లెక్క కట్టు, కోటీ అరవై లక్షలు దాటుతుంది. పెద్ద డేక్సా మధ్యలో అన్నం గంటలకొద్దీ చల్లారదు కాబట్టి వాటికి అంతకన్నా మంచి ఇల్లు లేదు. మిగిలిన అన్నం వెంటనే వెడల్పు పళ్లాల్లో పలుచగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో చోటు లేదంటే మిగిలేంత వండకూడదు.

ఆ తడిగుడ్డ సంగతి నువ్వు రాయడం మంచిదైంది. వంటింట్లో అన్నిటికన్నా మురికిది అదే. బండ తుడిచిందీ, చేతులు తుడుచుకున్నదీ, కంచం తుడిచిందీ, అన్నం మీద కప్పిందీ ఒకటే గుడ్డ.

---

మారతహళ్లి_మెస్ · మంగళవారం, ఉదయం 6:10

పాపా, చదివి బాధేసింది. నేను నెల్లూరు మనిషిని, మారతహళ్లిలో పద్నాలుగేళ్లుగా మెస్సు నడుపుతున్నా. ఓనర్ల తరఫున నాలుగు మాటలు చెప్పనీ, తర్వాత తిట్టండి.

2024 ఎండాకాలంలో మా బోరు ఎండిపోయింది. కావేరి నీళ్లు వారానికి రెండుసార్లు. ట్యాంకరువాడు చెప్పిందే ధర, వచ్చినప్పుడే నీళ్లు. అట్లాంటప్పుడు గిన్నెలు మూడు నీళ్లలో కడగాల్సింది ఒక నీళ్లలో కడిగేస్తారు. నేల కడగడం మానేసి తుడుస్తారు. అది తప్పని మాకూ తెలుసు. అద్దె, గ్యాసు, జీతాలు పోగా చేతిలో మిగిలేది చూసుకుంటే, మొదట కోత పడేది శుభ్రం చేసే ఖర్చు మీదే. ఎందుకంటే అది తగ్గిస్తే ఆ రోజుకి ఎవరికీ కనపడదు.

నాకూ ఒక దెబ్బ తగిలింది. సంపు మూత ఒక మూల పగిలుంది. దాని పక్కనే పాత్రలు కడిగే నీళ్ల కాలవ. వానాకాలంలో కాలవ పొంగి ఆ పగులులోంచి సంపులోకి దిగింది. మాకు తెలియలేదు. నీళ్లు ఎప్పటిలాగే తేటగా కనిపిస్తున్నాయి. పది రోజుల్లో నెలవారీ కార్డు ఉన్న పిల్లలు ఒక్కొక్కరే రావడం తగ్గారు. ఎవరూ గొడవ చేయలేదు, ఎవరూ కారణం చెప్పలేదు. చివరికి మా కావలి ఊరి కుర్రాడొకడు "అన్నా, నీ దగ్గర తిన్నప్పుడల్లా విరేచనాలవుతాన్నాయి, చెప్తే ఏమనుకుంటావో అని చెప్పలా" అన్నాడు. ఆ రోజు సంపు మూత ఎత్తి టార్చి వేసి చూస్తే పైన నూనె తెట్టు, రెండు ఉల్లిపాయ తొక్కలు తేలుతున్నాయి. నా ఇద్దరు పిల్లలూ ఆ నీళ్లే తాగారు.

నాలుగు రోజులు మెస్సు మూసి సంపు తోడించి, మూత మార్పించి, కాలవని రెండడుగులు పక్కకి తిప్పించా. పోయిన కార్డులు తిరిగి రావడానికి ఏడాది పట్టింది. అందుకే చెప్తున్నా, మీ ఓనరుకి ధర్మం చెప్పొద్దు. ఒక్కో మంచం ఖాళీ అయితే నెలకి ఎంత పోతుందో ఆయనకే లెక్క తెలుసు, అది అడగండి.

---

సర్జాపూర్_రోడ్ · మంగళవారం, ఉదయం 8:02

నీళ్లు లేకపోతే ఆ పూట మెస్సు మూసేయాలి అన్నా. మురికి కంచంలో పెట్టే హక్కు ఎవరికీ లేదు. కరువు మీకే కాదు, మాకూ వచ్చింది.

---

మారతహళ్లి_మెస్ · మంగళవారం, ఉదయం 8:15

నిజమే తమ్ముడూ. ఇప్పుడు అదే చేస్తున్నా. నీళ్లు తక్కువైన రోజు విస్తరాకుల్లో పెడతా, రెండు కూరలు తగ్గిస్తా. అప్పుడు ఆ బుద్ధి పుట్టలేదు.

---

లాల్‌బాగ్_నడక · మంగళవారం, ఉదయం 9:40

నేను ఈ ఊరికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. మా మామగారు మావళ్లి పక్కనే ఉండేవారు. ఎంటీఆర్ గురించి ఆయన చెప్పేవారు. 1924లో మొదలైన ఆ హోటల్ యజమానుల్లో ఒకరు, యజ్ఞనారాయణ మయ్య, 1951లో యూరప్ వెళ్లి అక్కడి హోటళ్లు చూసి వచ్చారట. రాగానే చెంచాలు, గిన్నెలు క్రిమిరహితం చేసే ఏర్పాటు పెట్టారు. తినడానికి వచ్చినవాళ్లు వంటిల్లు దాటుకుంటూ లోపలికి వెళ్లేలా ఉండేది. నా చిన్నల్లుడికి ఇదంతా వింతగా ఉంటుంది, కానీ ఆలోచిస్తే ఇందులో పెద్ద కిటుకుంది. తినేవాడి కళ్ల ముందు నుంచి పోయే దారిలో ఎవరూ తడిగుడ్డ పారేయరు.

ఇప్పటికీ మంచి దర్శినిలో, అదే ఇక్కడి నిలబడి తినే చిన్న హోటల్లో, చూడండి, చెంచాలు పొగలు కక్కే నీళ్ల డబ్బాలో నిలబెట్టి ఉంటాయి. నేను ముందు ఆ డబ్బాలో నీళ్లు చూస్తాను. ఆవిరి లేకుండా చల్లారి, అడుగున ఇడ్లీ తునకలు ఉంటే కాఫీ కూడా తాగకుండా బయటికి వచ్చేస్తాను.

ఇంకో సంగతి. 1898లో ఈ ఊరికి ప్లేగు వచ్చింది. ఎలుకలు, ఇరుకు సందులు, గాలి ఆడని ఇళ్లు. ఆ దెబ్బకే జనం బసవనగుడి, మల్లేశ్వరం లాంటి విశాలమైన కొత్త పేటలకి తరలారు. ప్లేగు మారెమ్మ గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అంగడి వెనక చెత్త పోస్తే అది ఆ అంగడివాడి సొంత విషయం కాదని ఈ ఊరు ఎప్పుడో ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకుంది.

---

పీణ్య_ఫ్లోర్ · మంగళవారం, రాత్రి 9:30

అందురూ తిండి గురించే మాట్లాడతాండారు. నేను మడకశిర నుంచి వచ్చి పీణ్యలో గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పన్నెండేండ్లు పని చేసినాను. మా బాధ కూడా ఒకసారి ఇనండి.

నేను మొదుట చేరిన కాడ ఫ్లోర్ మీద ఆడోళ్లు వందమందికి పైనే. మరుగుదొడ్లు నాలుగు. వాటిల్లో ఒకటి గడియ పడదు, ఇంకోదాంట్లో నీళ్లు రావు. కడిగేది పొద్దున ఒక్కసారే. పదకొండు గంటలకంతా లోపలికి పొయ్యేకి కాలు పెట్టలేము. అందుకని మేము ఏం చేస్తా ఉంటిమి? నీళ్లు తాగేది మానేసినాము. పొద్దున ఇంట్లో గ్లాసుడు టీ, మళ్లా సాయంత్రం ఇంటికి పోయినాకే నీళ్లు. నాకు రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో పడిపోతి. నా పక్క మిషన్ అమ్మాయికి కిడ్నీదాకా పోయింది. జీతం కోత, ఆస్పత్రి ఖర్చు మావే. సూపర్‌వైజరుకి చెప్తే "మీరే గలీజు చేస్తారు, మీరే చెప్తారు" అనె.

ఆ తర్వాత వేరే కంపెనీకి మారినాను. ఆడ రెండు గంటలకొకసారి కడుగుతారు, గోడకి కాగితం అంటించి కడిగినామె సంతకం పెడుతుంది. బకెట్టు, మగ్గు, సబ్బు, మూత ఉండే డబ్బా ఉంటాయి. అంతే అప్పా, బంగారం ఏమీ అడగలేదు. ఆడికి పోయినాక నేను మధ్యాన్నం నీళ్లు తాగేది మొదలుపెట్టినాను.

1948 ఫ్యాక్టరీల చట్టంలోనే పనిచేసే గది నేల వారానికి ఒకసారన్నా, కావాల్సిన కాడ మందు కలిపి, కడగాలని, గోడలకి 14 నెలలకొకసారి సున్నం కొట్టాలని రాసిరి. తాగే నీళ్లు మరుగుదొడ్డికి 6 మీటర్లన్నా దూరం ఉండాలని రాసిరి. మా యూనియన్ అక్క చదివి చెప్పినప్పుడు నేను ఏడ్చినాను. మేము అడిగేది మా అమ్మ పుట్టకముందే రాసి పెట్టినారు.

---

బీటీఎం_అనంతపురం · మంగళవారం, రాత్రి 9:52

అక్కా, మా పీజీలో కూడా కింద పనిచేసేవాళ్లకి ఒకటే మరుగుదొడ్డి. అది వంటింటి వెనకే. అక్కడ సబ్బు ఉందో లేదో నేను ఎప్పుడూ చూడలేదు. రేపు చూస్తాను.

ఆస్పత్రిలో ఉన్న ఇద్దరూ ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి ఇంకా నీరసంగానే ఉంది.

---

పాత_ఇన్‌స్పెక్టర్ · మంగళవారం, రాత్రి 10:35

అమ్మా, నువ్వు చూస్తానన్నది మొదట చూడాల్సిన చోటు. ఆంధ్రలో మున్సిపాలిటీల్లో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్లు చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. హోటల్‌కి తనిఖీకి వెళ్తే నేను ముందు వంటిల్లు అడిగేవాణ్ని కాదు. "బాబూ, మీ పనివాళ్ల దొడ్డి ఎక్కడ?" అనేవాణ్ని. వంటిల్లు అరగంటలో కడిగి చూపించగలరు. దొడ్డి దగ్గర అరిగిన సబ్బుముక్క మాత్రం అప్పటికప్పుడు పుట్టదు. కొత్త సబ్బు కాగితం విప్పి పెట్టి ఉంటే మనం వస్తున్నామని తెలిసి పెట్టారని అర్థం. సగం అరిగిన సబ్బు ఉంటే రోజూ చేతులు కడుగుతున్నారని అర్థం.

ఇక చట్టం. పీజీ మెస్సు కూడా ఆహార వ్యాపారమే. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి, ఆ 14 అంకెల నంబరు అందరికీ కనపడేచోట పెట్టాలి. అపరిశుభ్రమైన చోట వండితే 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అయితే అధికారి రాగానే జరిమానా వేయాలని లేదు. 32వ సెక్షన్ కింద ఫలానా లోపాలు సరిదిద్దుకోమని నోటీసు ఇవ్వొచ్చు, గడువు కనీసం 14 రోజులు. సరిదిద్దకపోతే లైసెన్సు ఆపేస్తారు, అప్పటికీ మారకపోతే రద్దు చేస్తారు.

బెంగళూరులో పీజీలకు 2024 ఆగస్టులో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ విడిగా నిబంధనలు పెట్టింది. ఒక్కొక్కరికి 70 చదరపు అడుగుల చోటు, రోజుకి 135 లీటర్ల నీళ్లు, శుభ్రమైన వంటిల్లు, మరుగుదొడ్లు, వంట ఉంటే ఫుడ్ లైసెన్సు. ఇప్పుడు బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ బీటీఎం ఏ కార్పొరేషన్ కిందకి వస్తుందో చూసుకుని అక్కడ అడగండి. తిండి మీద ఫిర్యాదుకి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది.

సంపుకి ఒక చిన్న పరీక్ష చెప్తాను. మందుల షాపులోనో, నీళ్ల ఫిల్టర్లు అమ్మే చోటో క్లోరిన్ పరీక్ష కిట్టు దొరుకుతుంది. కుళాయి నీళ్లు గొట్టంలో పట్టి రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రంగు అసలు రాకపోతే ఆ నీళ్లలో క్లోరిన్ లేదు. లీటరుకి 0.2 మిల్లీగ్రాములన్నా మిగిలి ఉండాలి. 1000 లీటర్లకి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు 2.5 గ్రాములు, బకెట్టులో కలిపి తేరిన నీళ్లు మాత్రం పోయాలి, గంట ఆగి వాడాలి. ముద్ద ముద్దగా పోయొద్దు.

---

సర్జాపూర్_రోడ్ · మంగళవారం, రాత్రి 10:50

గారూ, మర్యాదగానే అడుగుతున్నా. ఫిర్యాదు చేస్తే ఎవరో వస్తారు, చేతిలో ఏదో పెడతారు, వెళ్లిపోతారు. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

---

పాత_ఇన్‌స్పెక్టర్ · మంగళవారం, రాత్రి 11:08

ఉంది బాబూ. అలాంటివాళ్లు ఉన్నారు, నా పక్క కుర్చీలోనే చూశాను, కాదనను. కానీ డబ్బు తీసుకుని వెళ్లినా క్రిమి వెళ్లదు. ఆ ఓనరు నాకు కాదు, ఆ పదకొండు మంది అమ్మాయిల తల్లిదండ్రులకి జవాబు చెప్పుకోవాలి. అందుకే నోటి మాట కన్నా కాగితం మీద రాసి, తేదీ వేసి, ఓనరు చేత అందినట్టు సంతకం పెట్టించుకోమంటాను. మళ్లీ ఇదే జరిగితే "నాకు తెలియదు" అనడానికి వీలుండదు. తెలిసీ చేయనివాడిని అధికారి కూడా కాపాడలేడు.

---

కత్తెర_చిత్తూరు · బుధవారం, ఉదయం 7:20

ఎలక్ట్రానిక్ సిటీలో చిన్న సెలూన్ ఉంది నాకు. మూడు కుర్చీలు. ఈ చర్చ చదివాక నేనూ రాయాలనిపించింది, ఎందుకంటే మా పనిలో మురికి కంటికి అస్సలు కనపడదు.

గడ్డం చేస్తుంటే చిన్నగా తెగుతుంది. రక్తం చుక్క కూడా కాదు, చెమ్మ. హెపటైటిస్ బి క్రిమి శరీరం బయట, ఆరిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుందని ఆరోగ్య శిబిరంలో డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న ఊళ్లో ఒకే కత్తి తోలుపట్టాకి సానబెట్టి వీధంతా గీసేవాడు. ఆయనకి తెలియదు. నాకు తెలిసింది.

అప్పటి నుంచి సగం బ్లేడు కూర్చున్నాయన ముందే విప్పుతాను, ఆయన చూస్తుండగానే విరిచి డబ్బాలో వేస్తాను. కొందరు "పర్వాలేదులే అన్నా, కొత్తదేగా పొద్దున పెట్టింది" అంటారు. పర్వాలేదు అంటే కుదరదని చెప్తాను. టవలు ఒక మనిషికి ఒక్కటే, సాయంత్రం వేడినీళ్లలో ఉతుకు. తెల్లవే కొంటాను, ముదురు రంగు టవలులో మరక దాక్కుంటుంది. పటిక రాయి మానేశాను, ఒకరి చెంప మీద రుద్దింది ఇంకొకరికి రుద్దడం ఎందుకు? దువ్వెనలు, కత్తెర్లు సబ్బుతో కడిగాకే మందునీళ్లలో వేయాలి, వెంట్రుకలూ జిడ్డూ ఉండగా మందు పట్టదు.

నెలకి ఖర్చు పెరిగింది, కాదనను. గడ్డానికి పది రూపాయలు పెంచాను. ఇద్దరు ముగ్గురు మానేశారు. మిగతావాళ్లు పిల్లల్ని కూడా తీసుకొస్తున్నారు.

---

పాలమూరు_హౌస్‌కీపింగ్ · బుధవారం, మధ్యాహ్నం 1:15

అందరు మంచిగ చెప్పిన్రు. కడిగేటోళ్ల గురించి ఎవ్వరు చెప్పలే, అందుకే నేను రాస్తున్న. నేను టెక్ పార్కుల్ల హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ను, నా కింద ముప్పై మంది ఉన్నరు. ఎక్కువ మంది మా పాలమూరోళ్లు, రాయచూరోళ్లు.

ఒకటి. బ్లీచింగ్, దొడ్లు కడిగే యాసిడ్ ఎన్నడు కలపొద్దు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తది. మా దగ్గర ఒకామె చిన్న బాత్రూమ్‌ల తలుపు పెట్టుకొని రెండూ పోసింది, ఇంకా తెల్లగ అయితదని. దగ్గుకుంట కూలబడ్డది. పొద్దుగాలనే అయింది కాబట్టి మేము విన్నం, రాత్రి షిఫ్టయితే ఎవ్వరు వినకపోతుండె. డబ్బాల మీద రాసింది ఇంగ్లీషుల ఉంటది, మావోళ్లు చదువరు. అందుకే నేను యాసిడ్ డబ్బాలకు ఎర్ర గుడ్డ కడతా, బ్లీచింగుకు తెల్లగుడ్డ. రెండూ ఒక అర మీద పెట్టనియ్య.

రెండోది. సంపు సాఫ్ చేయిపిస్త అని అంకుల్ ఒప్పుకుంటే సంతోషమే, గని ఎవరిని దింపుతడో అడుగు బిడ్డా. మురుగు గుంత, సెప్టిక్ ట్యాంక్‌లకు మనిషిని ఏ రక్షణ లేకుండ దింపుడు 2013 చట్టం ప్రకారం నేరం. లోపల గ్యాస్ ఉంటే ఒక్క ఊపిరికే పడిపోతరు, వాళ్లను తీయనీకి దిగినోడు కూడ పోతడు. మంచినీళ్ల సంపు అయినా సరే, నీళ్లు మోటరుతో తోడి, మూత తీసి గాలి పోనిచ్చి, పైన ఇద్దరు నిలబడి ఉండాలె.

మూడోది. మీ వంటన్నను తీసేస్తే రేపు ఇంకొకడు వస్తడు. వాడు కూడ గదే మోరీ కాడ, గదే గుడ్డతోటి 60 మందికి ఒక్కడే వండుతడు.

---

ల్యాబ్_అక్క · బుధవారం, మధ్యాహ్నం 1:40

అన్నా, ఎర్ర గుడ్డ సంగతి మా ల్యాబ్‌లో కూడా పెట్టిస్తాను. ఆ అన్నని తీసేయడం గురించి మీరన్నది అక్షరాలా నిజం. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి లేని చోట చెయ్యి కడగలేదని మనిషిని తప్పుపట్టడం అన్యాయం.

---

దోమల_బెడద · బుధవారం, మధ్యాహ్నం 2:05

కొంచెం పక్కకి వెళ్తున్నానేమో, క్షమించండి. మా ఆఫీసు కింద టైర్ల షాపు, పక్కన పూలకుండీల షాపు. వాన పడ్డాక వాటిల్లో నిలిచిన తేట నీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమ అయి ఎగురుతుంది. మురికి నీళ్లు కాదు, తేట నీళ్లే దానికి కావాలి, అందుకే చాలామంది "మా దగ్గర శుభ్రమేనండీ" అంటారు. 2024లో కర్ణాటక ప్రభుత్వం దోమలు పెరగనిచ్చిన వ్యాపార స్థలాలకు పట్టణాల్లో 1000 రూపాయలు, కట్టడాలు జరిగే చోట 2000 రూపాయలు జరిమానా పెట్టింది. మా టీమ్‌లో అమ్మాయికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాక ఆ టైర్ల షాపాయనతో నేనే మాట్లాడాను. ఆయన మంచాయన, వినగానే టార్పాలిన్ కప్పాడు. చెప్పేవాళ్లు లేకే అట్లా ఉండిపోయింది. మీ పీజీ మేడ మీద పాత బకెట్లు, కూలర్లు ఉన్నాయేమో అది కూడా చూడండి.

---

బీటీఎం_అనంతపురం · బుధవారం, రాత్రి 10:45

కూర్చున్నాం. మేము తొమ్మిది మందిమి, అంకుల్, ఆంటీ. వంటన్నని కూడా పిలవమని మేమే అడిగాం. మొదట అంకుల్ చాలా గట్టిగా మాట్లాడారు, ఖాళీ చేసి వెళ్లండి అన్నారు. అప్పుడు మెస్ అన్న చెప్పినట్టు ఒకటే అడిగాం, "ఇప్పుడున్న 60 మందిలో ఈ నెలాఖరుకి ఇరవై మంది వెళ్లిపోతే ఎంత నష్టం అంకుల్?" అని. ఆంటీ వెంటనే ఆయన చెయ్యి పట్టుకుని "ముందు వాళ్లు చెప్పేది వినండి" అన్నారు.

వంటింట్లోకి అందరం కలిసి వెళ్లాం. ఆంటీ కూడా చాలా రోజులకి లోపలికి వచ్చారట. పనివాళ్ల దొడ్డి దగ్గర సబ్బు లేదు. కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు, ఎప్పటి నుంచి అని అడిగితే "ఉగాది కాడ్నుంచి" అన్నాడు వంటన్న. ఆయన తలెత్తలేదు. కుడి చేతి చూపుడు వేలికి కట్టు ఉంది, కత్తితో తెగి నాలుగు రోజులైందట. ల్యాబ్ అక్క చెప్పిన రెండో క్రిమి గుర్తొచ్చింది. ఎవరూ ఆయనకి గ్లవ్స్ ఇవ్వలేదు, ఎవరూ ఆ వేలు చూడలేదు. మేం కూడా చూడలేదు, రోజూ ఆ చేత్తోనే ఆయన మాకు వడ్డించాడు.

క్లోరిన్ కిట్టుతో కుళాయి నీళ్లు పరీక్షించాం. రంగు రాలేదు. అంకుల్ ఆ గొట్టాన్ని లైటు దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు.

కాగితం మీద రాసుకున్నవి: శనివారం మోటరుతో సంపు తోడించడం, మనిషిని దింపాల్సి వస్తే పైన ఇద్దరు. దొడ్డి కుళాయి రేపే. మోరీకి జాలీ. గుడ్డలు రోజుకి ఆరు, రంగులు వేరు. వంటకి ఇంకొక మనిషి, అన్నకి వారానికి ఒక రోజు సెలవు. వేలు మానేదాకా ఆయన పొయ్యి దగ్గరకి రాడు, జీతం కోయరు. ఫుడ్ లైసెన్సు కోసం దరఖాస్తు. ఇద్దరం అమ్మాయిలం నెలకోసారి వంటిల్లు చూస్తాం. అంకుల్ సంతకం పెట్టారు. గోడలకి సున్నం వేయించడం మాత్రం ఒప్పుకోలేదు, దసరాకి చూద్దాం అన్నారు. సంపు పని పూర్తయ్యేదాకా తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పిస్తామన్నారు.

---

పాత_ఇన్‌స్పెక్టర్ · బుధవారం, రాత్రి 11:02

వంటన్నని కూర్చోబెట్టి అడగడం చాలా మంచి పని చేశారమ్మా. శనివారం సంపు తోడాక గోడలు రుద్ది కడగండి, ఊరికే తోడి నింపేస్తారు చాలామంది. మొదటి నింపు నీళ్లు తాగొద్దు.

---

పీణ్య_ఫ్లోర్ · బుధవారం, రాత్రి 11:10

ఆ దొడ్డి కుళాయి వచ్చినాక చెప్పు చెల్లీ. మర్చిపోవద్దు.

---

బీటీఎం_అనంతపురం · ఆదివారం, మధ్యాహ్నం 3:25

అక్కా, కుళాయి గురువారం సాయంత్రమే వచ్చింది. సబ్బుకి తాడు కట్టి వేలాడదీశారు, నేను పొద్దున చూశాను, కొంచెం అరిగింది.

సంపు నిన్న తోడారు. అడుగున జానెడు బురద, ఒక పాత చెప్పు. ఈ రోజు కుళాయి నీళ్లు లేత పసుపు వచ్చాయి.

వంటింటి గోడకి వంటన్న కూతురి పాత పలక ఒకటి తగిలించారు. వండిన టైము, ఫ్రిజ్‌లో పెట్టిన టైము దాని మీద రాయాలని ఆంటీ చెప్పారు. కొత్తగా వచ్చిన అన్నకి తెలుగు రాయడం రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఈ రోజు పలక మీద అన్నం బొమ్మ ఒకటి గీసి పక్కన 12:40, 1:50 అని రాసి ఉంది. మిగిలిన అన్నం మూడు పళ్లాల్లో పరిచి ఫ్రిజ్‌లో ఉంది. నేను తలుపు తీసి చూసి వచ్చాకే ఇది రాస్తున్నాను.